చెల్లి పీహెచ్‌డీ "దుమ్ము" మీద – చుట్టాలకు ఏమని చెప్పాలి?

ఊకపొయ్యి_మిర్యాలగూడ
మా చెల్లి నాలుగేళ్లుగా ఖగోళశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తోంది. విషయం: నక్షత్రాల మధ్య ఉండే దుమ్ము. అవును, దుమ్మే. మాది రైస్ మిల్లు. ముప్పై ఏళ్లు ఊక దుమ్ము మింగి మింగి మా నాయన ఇప్పుడు ఇన్‌హేలర్ లేకుండా మెట్లెక్కలేడు. "ఈ దుమ్ములోంచి బయట పడాలనే కదరా పిల్లను చదివించింది, అది పోయి పోయి మళ్లీ దుమ్మునే పట్టుకుంది" అని ఆయన బాధ. పోయిన వారం చిన్నమ్మ కొడుకు నిశ్చితార్థంలో మా పెద్దత్త అందరి ముందు అడిగింది: "మనకాడ దుబ్బ తక్కువైందా బిడ్డా, పైన దుబ్బ చూడనీకి పోయినవు?" ఫంక్షన్ హాలంతా ఒకటే నవ్వు. చెల్లి కూడా నవ్వింది గానీ ఇంటికొచ్చాక అన్నం ముట్టలేదు.

నేను చదివింది బీకాం. ఆమె చెప్తున్నప్పుడు అర్థమైనట్టే ఉంటుంది, ఇంకొకరికి చెప్పబోతే నోట మాట రాదు. ఆ దుమ్ము ఏంటి, ఏళ్ల తరబడి చూసేందుకు దాంట్లో ఏముంది? నాయనకూ పెద్దత్తకూ తలకెక్కేలా ఎవరైనా చెప్తారా?

పాలమూరు_పోరడు
పెద్దత్త డైలాగ్ అదిరింది. ముందు ఆమెను ఇక్కడ మెంబర్‌గా చేర్పించు అన్నా.

క్రషర్_లారీ
దుమ్ము మీద పీహెచ్‌డీ ఇచ్చేదుంటే మా క్రషర్ దగ్గర అందరం డాక్టర్లమే.

సందేహాల_సంచి
నవ్వులు సరే. పెద్దత్త అడిగిన దాంట్లో తప్పేముంది? మన జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిపోయిన ఊళ్లు ఉన్నాయి. జనం కట్టిన పన్నులతో ఎక్కడో ఆకాశంలో దుమ్ము కొలిస్తే ఎవరికి లాభం? చెల్లిని అనడం లేదు, మామూలుగా అడుగుతున్నా.

రిటైర్డ్_ఫిజిక్స్_నల్లగొండ
సంచి గారి ప్రశ్న తర్వాత చూద్దాం. ముందు పెద్దత్త సంగతి. ఆమెను ఎవరూ తప్పు పట్టకండి. ఆమెకు కనీసం పైన దుబ్బ ఉందని తెలుసు. మహామహులకే నూట యాభై ఏళ్ల దాకా ఆ సంగతి సరిగ్గా అంతుపట్టలేదు.

1785లో ఖగోళవేత్త విలియం హెర్షెల్ ఆకాశంలో ఏ దిక్కున ఎన్ని చుక్కలు కనబడుతున్నాయో టెలిస్కోప్‌లో చూసి లెక్కబెట్టాడు. ఆ లెక్కతో పాలపుంత పటం గీస్తే సూర్యుడు దాదాపు నడిమధ్యన పడ్డాడు. 1922లో కాప్టెయిన్ అనే ఇంకో ఖగోళవేత్త అంతకన్నా ఎన్నో రెట్లు మెరుగైన లెక్కలతో మళ్లీ గీశాడు. అప్పుడూ సూర్యుడు మధ్యకు దగ్గర్లోనే. ఇద్దరూ లెక్క తప్పలేదు. దారిలో వెలుగుకు అడ్డం వస్తున్నదాన్ని లెక్కలోకి తేలేకపోయారు, అంతే. పాలపుంతలో నల్లగా కనబడే చోట్లను హెర్షెల్ ఆకాశానికి పడ్డ కంతలనుకున్నాడు. అక్కడ చుక్కలే లేవు, ఖాళీ అన్నమాట.

మనం నిజానికి పాలపుంత నడిబొడ్డు నుంచి సుమారు 26,000 కాంతి సంవత్సరాల (వెలుగు ఏడాదిలో పోయే దూరం ఒక కాంతి సంవత్సరం) అవతల, ఒక పక్కన ఉన్నాం. మహానగరం నడిమధ్యన ఉన్నామనుకున్న వాళ్లం శివారు కాలనీలో తేలామన్నమాట.

క్రషర్_లారీ
సార్, ఇది నాకు బాగా తెలుసు. డిసెంబర్‌లో తెల్లారగట్ల చిట్యాల దాటాక హైవే మీద మంచు పడుతుంది. ముందు యాభై గజాలు, వెనక యాభై గజాలు, రెండు పక్కలా అంతే. బండి ఎక్కడ ఆపినా లోకానికి మధ్యలో మనమే ఉన్నట్టు ఉంటది. నార్కట్‌పల్లిలో అట్లనే ఉంటది, కట్టంగూర్‌లోనూ అట్లనే ఉంటది.

రిటైర్డ్_ఫిజిక్స్_నల్లగొండ
లారీ తమ్ముడూ, ముప్పై నాలుగేళ్లు పాఠాలు చెప్పాను. ఇంత బాగా ఒక్కసారీ చెప్పలేకపోయాను. హెర్షెల్ చేసింది అచ్చం ఇదే.

పాలమూరు_పోరడు
లారీ అన్నకు డాక్టరేట్ వచ్చేసింది.

దేవరకొండ_కెమెరా
ఆ "కంతలు" నా ఫొటోల్లో ఉన్నాయి. డిండి ప్రాజెక్టు కట్ట మీద నుంచి తీసినవి. పాలపుంత మధ్యలో పొడుగునా ఎవరో బొగ్గుతో గీసినట్టు నల్లటి చీలిక ఉంటుంది. ఫేస్‌బుక్‌లో పెడితే సగం మంది లెన్స్ తుడుచుకోమన్నారు, మిగతా సగం బ్లాక్ హోల్ అన్నారు. మా బావ అయితే "ఫోన్‌లో ఏఐ గీసింది, ఒరిజినల్ కాదు" అని తేల్చేశాడు. మంచి చీకట్లో ఐతే కంటికి కూడా కనబడుతుంది బావా అంటే వినడు.

ఈ నల్ల మచ్చల వెనక ఒక ఫొటోగ్రాఫర్ కథ ఉంది, మా వృత్తి వాడు కాబట్టి చెప్తా. ఎడ్వర్డ్ బర్నార్డ్. 1857లో అమెరికాలోని నాష్‌విల్‌లో నిరుపేద ఇంట్లో పుట్టాడు. తొమ్మిదేళ్లప్పుడే ఫొటో స్టూడియోలో పనికి పెట్టారు. అప్పట్లో ఫొటో పెద్దది చేయాలంటే ఎండ కావాలి. పెద్ద యంత్రాన్ని పొద్దు ఎటు పోతే అటు తిప్పుతూ కూచోవాలి, అదీ ఆ పిల్లాడి పని. తర్వాత సొంతంగా టెలిస్కోప్ కొనుక్కొని తోకచుక్కలు వెతకడం మొదలుపెట్టాడు. అప్పుడు ఒక దాత కొత్త తోకచుక్కకు 200 డాలర్లు ఇచ్చేవాడు. ఆ డబ్బులతో ఇల్లు కట్టాడు! తోకచుక్కల మీద ఇంటి కిస్తీలు కట్టినోడు ఇంకొకడు ఉండడు.

1905లో మౌంట్ విల్సన్ కొండ మీద పాలపుంతను ఫొటోలు తీశాడు. మొదట్లో ఆయనా నల్ల మచ్చలను కంతలనే అనుకున్నాడు. ఫొటోలు చూడగా చూడగా అనుమానం వచ్చింది. అంచులు మరీ పొగలాగా ఉన్నాయి, కంతకు అట్లాంటి అంచు ఉండదు. 1919లో 182 నల్ల మబ్బుల పట్టిక అచ్చేశాడు. 1923లో చనిపోయాడు. పూర్తి అట్లాస్ 1927లో వచ్చింది. ఆయన మేనకోడలు మేరీ కాల్వర్ట్ దగ్గరుండి పూర్తి చేయించింది. ఇప్పటికీ ఆ మబ్బులను బర్నార్డ్ నంబర్లతోనే పిలుస్తారు.

సందేహాల_సంచి
ఫొటోలో పొగలా ఉంటే పొగే అయిపోతుందా? రుజువు ఏంటి?

రిటైర్డ్_ఫిజిక్స్_నల్లగొండ
మంచి ప్రశ్న. అప్పటి వాళ్లూ అదే అడిగారు. గట్టి రుజువు 1930లో వచ్చింది. అమెరికాలోని లిక్ అబ్జర్వేటరీలో పనిచేసిన స్విట్జర్లాండ్ మనిషి రాబర్ట్ ట్రంప్లర్ ఇచ్చాడు.

ఆయన చుక్కల గుంపులను తీసుకున్నాడు, మన కృత్తికల లాంటివి. ఒక్కో గుంపు ఎంత దూరంలో ఉందో దాని వెలుగును బట్టి లెక్క కట్టాడు. ఆ దూరాన్ని బట్టి గుంపు అసలు సైజు ఎంతో తీశాడు. అక్కడ వచ్చింది తిరకాసు. దూరపు గుంపు దగ్గరి గుంపు కన్నా పెద్దదిగా తేలింది. ఇంకా దూరపుది ఇంకా పెద్దది. మన నుంచి దూరం పోయినకొద్దీ అన్ని దిక్కులా గుంపులు లావెక్కుతాయా? మనమేమన్నా వాటికి చుట్టాలమా, మనల్ని చూసి సన్నబడడానికి? కాదు. దారిలో వెలుగు కొంత తగ్గిపోతోంది. అందువల్ల గుంపు ఉన్న దూరం కంటే ఎక్కువ దూరంలో ఉన్నట్టు లెక్క వస్తోంది, ఆ తప్పు దూరంతో సైజూ పెద్దగా వస్తోంది. అంటే నల్ల మచ్చల్లోనే కాదు, పాలపుంత పళ్లెం అంతటా పలచగా ఏదో పరుచుకొని ఉంది.

మంచులో ఎదురొచ్చే బండి హెడ్‌లైట్ మసకగా కనబడితే ఇంకా చాలా దూరం ఉందనుకుంటామే, అదే సంగతి. ఏం లారీ తమ్ముడూ?

క్రషర్_లారీ
అట్ల అనుకునే పోయినేడు బంపర్ పోగొట్టుకున్న సార్.

అమ్మమ్మ_చుక్కలు
కృత్తికలు అన్నారు కదా, మా అమ్మమ్మ వాటిని పిల్లలకోడి అనేది. నాగర్‌కర్నూల్ దగ్గర మా ఊరు. ఎండాకాలం మిద్దె మీద పడుకున్నప్పుడు కోడి ఏది, పిల్లలు ఎన్ని అని లెక్కబెట్టించేది. పాలపుంతలో పుంత అంటే బాట అని కూడా ఆమే చెప్పింది. వినాయకచవితికి విగ్రహం పైన కట్టే పాలవెల్లికీ ఆ పేరు దీన్నుంచే వచ్చిందట. అక్కడ వెలక్కాయలు, మొక్కజొన్న కంకులు కడతాం కదా, అవే చుక్కలు.

నల్ల చోట్ల గురించి మాత్రం ఏ కథా చెప్పలేదు. ఎక్కడో చదివాను, ఆస్ట్రేలియా ఆదివాసులు చుక్కల్లో కాదు, ఆ నల్లటి చోట్లలోనే ఈమూ పక్షిని చూస్తారట. మనవాళ్లు ఎందుకు వదిలేశారో.

పాలమూరు_పోరడు
మనోళ్లకు చీకట్లో ఏం కనబడ్డా దయ్యమే అక్కా.

వేరుశనగ_వనపర్తి
నాదో డౌటు. ఆరుద్ర చుక్క ఆ మధ్య చిన్నబోయిందని, పేలిపోతుందని టీవీలో ఒకటే గోల చేశారు. మాకు ఆరుద్ర కార్తె అంటే విత్తనాలేసే టైము, ఎర్రటి ఆరుద్ర పురుగులు బయటికొచ్చే టైము. చుక్క పేలితే కార్తె ఉంటుందా పోతుందా అని మా ఊరి రచ్చబండ మీద పెద్ద చర్చే అయింది. దానికీ ఈ దుమ్ముకూ ఏమైనా సంబంధం ఉందా?

రిటైర్డ్_ఫిజిక్స్_నల్లగొండ
ఉంది, సూటిగా ఉంది. 2019 చివర్లో మసకబారడం మొదలై 2020 ఫిబ్రవరి నాటికి కంటికి తేడా తెలిసేంత తగ్గిపోయింది. ఆరుద్ర ముసలి చుక్క, బాగా ఉబ్బిపోయి ఉంది. అది ఒక పెద్ద వాయువు ముద్దను బయటికి కక్కింది. ఆ వాయువు చల్లారి దుమ్ముగా మారి మనకూ దానికీ మధ్య అడ్డం వచ్చింది. కొన్ని నెలలకు మళ్లీ మామూలైంది. దుమ్ము ఎక్కడ పుడుతుందంటే ఇదే సమాధానం: ఎక్కువ భాగం ఇట్లాంటి ముసలి చుక్కల ఊపిరిలో పుడుతుంది.

కార్తెకు ఢోకా లేదు. కార్తె లెక్క సూర్యుడు ఆకాశంలో ఎక్కడున్నాడనే దాని మీద. నిశ్చింతగా విత్తనాలేయండి.

ఊకపొయ్యి_మిర్యాలగూడ
అందరికీ థ్యాంక్స్. హైవే మంచు ముచ్చట నాయనకు చెప్పా. "ఊ" అన్నాడు. మా నాయన "ఊ" అంటే ఎక్కువే. కానీ ఒక ప్రశ్న వేశాడు, నా దగ్గర జవాబు లేదు: "మిల్లులో ఊక ఎగిరితే పది అడుగుల అవతల మనిషి కనబడడు. పైన అంత దుమ్ముంటే అసలు చుక్కలెట్ల కనబడుతున్నయి?"

ఇంకో సంగతి. ఈ చర్చ లింకు చెల్లికి పంపించా. కోపం వచ్చినట్టుంది.

దుమ్ము_చెల్లి
కోపం కాదు, సవరణ. మొదటిది: నిశ్చితార్థం రోజు అన్నం ముట్టకపోవడానికి పెద్దత్త కారణం కాదు. అక్కడ రెండు ప్లేట్ల బిర్యానీ, మీద డబుల్ కా మీఠా తిన్నాను. అన్న చూడలేదు. రెండోది: నాలుగేళ్లు కాదు, మూడేళ్ల ఎనిమిది నెలలు. ఆ తేడా మాకు చాలా ముఖ్యం.

నాయన ప్రశ్నకు జవాబు. నక్షత్రాల మధ్య దుమ్ము మన ఊహకు అందనంత పలచన. నూరు మీటర్ల పొడుగు, నూరు మీటర్ల వెడల్పు, నూరు మీటర్ల ఎత్తున్న గోదాం ఊహించుకోండి. అందులో సుమారుగా ఒక్కటంటే ఒక్క రేణువు ఉంటుంది. అదీ మిల్లీమీటరులో పదివేల వంతు, సిగరెట్ పొగలో రేణువంత. ఇంత పలచన ఐతే అడ్డం ఎట్లా అవుతుంది? దూరం వల్ల. వేల కాంతి సంవత్సరాల దారిలో అట్లాంటి గోదాములు వరసగా ఎన్ని పేర్చొచ్చో లెక్క వేయండి. పక్క చుక్కలు బాగానే కనబడతాయి, పాలపుంత నడిబొడ్డు మాత్రం కనబడదు. అక్కడి నుంచి బయల్దేరిన మామూలు వెలుగులో లక్ష కోట్ల పాళ్లలో ఒక పాలు మాత్రమే మనదాకా వస్తుంది.

మాస్టారు గారు చెప్పినవన్నీ సరిగ్గా ఉన్నాయి. లారీ అన్న పోలికను నా థీసిస్ ముందుమాటలో వాడుకోవచ్చా?

క్రషర్_లారీ
వాడుకో చెల్లే. కాకపోతే పేరు "క్రషర్_లారీ" అనే వేయాలి, హీరోలా ఉంటది. సరే, నడిబొడ్డు కనబడకపోతే అక్కడ పెద్ద బ్లాక్ హోల్ ఉందని ఫొటో తీసినట్టు వార్తల్లో ఎట్ల వచ్చింది?

దుమ్ము_చెల్లి
అన్నా, ఇక్కడున్న ప్రశ్నల్లో ఇదే టాప్. కంటికి కనబడే వెలుగునే దుమ్ము బాగా ఆపుతుంది, ఎందుకంటే రేణువు సైజూ ఆ వెలుగు తరంగం సైజూ ఇంచుమించు ఒక లెక్కలో ఉంటాయి. నీలి వెలుగును ఎక్కువగా, ఎర్రదాన్ని తక్కువగా ఆపుతుంది. అందుకే దుమ్ము వెనక చుక్క ఎర్రబారి కనబడుతుంది. ఎరుపుకు అవతలి పరారుణ కాంతి ఇంకా బాగా దూరిపోతుంది. ఆ కాంతిలో చూస్తే నడిబొడ్డు నుంచి వచ్చేదాంట్లో పదో వంతు దాకా చేరుతుంది. లక్ష కోట్లలో ఒకటి ఎక్కడ, పదిలో ఒకటి ఎక్కడ! ఆండ్రియా గెజ్, రైన్‌హార్డ్ గెంజెల్ బృందాలు ఏళ్ల తరబడి పరారుణంలోనే అక్కడి చుక్కల తిరుగుడు గమనించి, మధ్యలో 40 లక్షల సూర్యుల బరువున్నది ఏదో కూచుందని తేల్చారు. 2020లో వాళ్లకు నోబెల్ వచ్చింది. 2022లో వచ్చిన ఫొటో రేడియో తరంగాలతో తీసింది, వాటికి దుమ్ము అడ్డమే కాదు.

నాయనకు ఇంకో మాట. మిల్లులో ఊక దుమ్ము ఎగిరితే అవతల ఉన్నది మసకబారుతుంది గానీ ఎర్రబడదు, ఎందుకంటే ఊక ముక్క చాలా పెద్దది, ఏ రంగునైనా ఒకేలా ఆపుతుంది. అదే సాయంత్రం బాయిలర్ గొట్టం పొగ అవతల పొద్దు చూడు, ఎర్రటి కుంకుమలా ఉంటుంది. ఆ పొగ రేణువులు సన్నం. నేను చూసే దుమ్ము ఊక లాంటిది కాదు, పొగ లాంటిది. ఇంజినీరింగ్ వద్దని ఫిజిక్స్ తీసుకున్నది ఆ పొద్దును చూసే. ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు.

అమ్మమ్మ_చుక్కలు
ఇంతకీ నువ్వు చేసేది ఏంటమ్మా? రోజూ టెలిస్కోప్‌లో చూస్తూ కూచుంటావా?

దుమ్ము_చెల్లి
అక్కా, టెలిస్కోప్‌లో కన్ను పెట్టి చూసింది మొత్తం మీద మూడుసార్లు. మిగతాదంతా కంప్యూటర్ ముందే. ఏడాదిలో కొన్ని రాత్రులు నైనిటాల్ దగ్గర మనోరా కొండ మీద 104 సెంటీమీటర్ల టెలిస్కోప్ మాకు దొరుకుతుంది. వానాకాలం మూత. నేను చూసే మబ్బు వృషభ రాశి వైపు ఉంది, మీ పిల్లలకోడికి కాస్త పక్కన. అంటే చలికాలంలోనే పని. రాత్రంతా సున్నా డిగ్రీల దగ్గర, మిర్యాలగూడ పిల్లకు అది ఎట్లా ఉంటుందో మీరే ఊహించండి.

చూసేది ఏంటంటే: చుక్క వెలుగు తరంగాలు అన్ని వైపులా సమానంగా ఊగుతుంటాయి. దుమ్ము మబ్బు దాటి వచ్చాక ఒక వైపు ఊపు కొంచెం ఎక్కువ మిగులుతుంది, అంతా చేసి రెండు మూడు శాతం తేడా. ఎందుకంటే రేణువులు గుండ్రంగా ఉండవు, కోలగా ఉంటాయి. పైగా అవన్నీ పాలపుంత అయస్కాంత క్షేత్రాన్ని బట్టి ఒక వరసలో సర్దుకుంటాయి. నేను ఆ తేడా కొలుస్తాను.

గాలి కంటికి కనబడదు. కానీ గట్టున నిలబడి వరి ఎటు వంగిందో చూస్తే గాలి ఎటు వీస్తుందో తెలుస్తుంది కదా. దుమ్ము రేణువులు నాకు వరి. అయస్కాంత క్షేత్రం గాలి. మబ్బు తన బరువుకు తానే కుంగి కొత్త నక్షత్రాలు పుట్టాలా, ఆగాలా అనే దాంట్లో ఈ గాలికి చేయి ఎంత ఉందన్నదే నా థీసిస్.

రిటైర్డ్_ఫిజిక్స్_నల్లగొండ
దీంట్లో మన చంద్రశేఖర్ పాత్ర కూడా ఉంది, చెప్పు తల్లీ.

దుమ్ము_చెల్లి
మీరే చెప్పండి మాస్టారూ, నేను కోడ్ రన్ అయిందో లేదో చూసుకోవాలి.

రిటైర్డ్_ఫిజిక్స్_నల్లగొండ
సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ 1946లో లెక్క కట్టి, కొన్ని వేడి నక్షత్రాల అంచుల నుంచి వచ్చే వెలుగు ఇట్లా ఒక వైపుకు మొగ్గి ఉండాలన్నాడు. అది పట్టుకుందామని హిల్ట్‌నర్, హాల్ అనే ఇద్దరు కొలతలు మొదలుపెట్టారు. తేడా దొరికింది గానీ చంద్రశేఖర్ చెప్పిన తీరున లేదు. చుక్క వల్ల వచ్చింది కాదని, దారిలో దుమ్ము వల్ల వచ్చిందని 1949లో బయటపెట్టారు. గొర్రె తప్పిపోయిందని వెతకబోతే లంకెబిందె దొరికినట్టు.

మన ప్రాంతం సంగతి ఒకటి చెప్పి ఊరుకుంటా. అదే 1949లో హార్వర్డ్‌లో చదువుతున్న ఒక హైదరాబాద్ కుర్రాడు ఒక తోకచుక్క కనిపెట్టాడు. పేరు వైను బప్పు. తండ్రి నిజామియా అబ్జర్వేటరీలో పనిచేసేవాడు, ఈయన చదివింది నిజాం కాలేజీలో. ఆ తోకచుక్క పేరు బప్పు-బాక్-న్యూకిర్క్. మధ్యలో ఉన్న బార్ట్ బాక్ ఎవరనుకున్నారు? చిన్న చిన్న నల్లటి దుమ్ము ఉండల్లోనే నక్షత్రాలు పుడుతుంటాయని 1947లో ఎడిత్ రైలీతో కలిసి రాసిన మనిషి. వాటిని ఇప్పటికీ బాక్ ఉండలనే అంటారు. ఆయన మాట నిజమని 1990లో గానీ రుజువు కాలేదు.

ఇంకొకటి కూడా చెప్పనివ్వండి. ఇబ్రహీంపట్నం దాటాక జాపాల-రంగాపూర్‌లో ఉస్మానియా వాళ్ల 48 అంగుళాల టెలిస్కోప్ ఉంది. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం నేను అక్కడే చూశాను. మధ్యాహ్నం మూడున్నర దాటాక చీకటి కమ్మింది. ఊళ్లలో ఒక్కరూ బయటికి రాలేదు. తిరిగి వస్తుంటే దారంతా తలుపులు మూసిన ఇళ్లే. కుక్కలూ మేమూ తప్ప ఎవరూ లేరు.

పాలమూరు_పోరడు
"చెప్పి ఊరుకుంటా" అన్న తర్వాత రెండు పేరాలు. సార్ పక్కా లెక్చరరే.

సందేహాల_సంచి
అంతా బాగుంది. నా ప్రశ్న అక్కడే ఉంది. లాభం ఏంటి?

వేరుశనగ_వనపర్తి
ఈ సంచి గారు ఒకరు.

దుమ్ము_చెల్లి
ఆయన్ను అడగనివ్వండి. ఫెలోషిప్ ఇంటర్వ్యూలో ఇంతకన్నా గట్టిగా అడిగారు.

రేపు ఎకరాకు ఒక బస్తా ఎక్కువ పండించే లాభం ఏదీ నా పనిలో లేదు, ఉందని అబద్ధం చెప్పను. కానీ దుమ్ము లెక్క తెలియకపోతే ఎట్లా బోల్తా పడతామో ఒక ఉదాహరణ. 2014 మార్చిలో దక్షిణ ధ్రువం దగ్గర బైసెప్-2 అనే టెలిస్కోప్ నడిపే బృందం, విశ్వం పుట్టిన తొలి క్షణాల నాటి గురుత్వ తరంగాల జాడ దొరికిందని ప్రకటించింది. ప్రపంచమంతా హెడ్‌లైన్లు. ఏడాది తిరక్కుండానే ప్లాంక్ ఉపగ్రహం కొలతలతో పోల్చి చూస్తే వాళ్లు చూసింది చాలావరకు మన పాలపుంత దుమ్మే. అంత పెద్ద బృందం, అంత ఖర్చు, అడ్డం వచ్చింది దుమ్ము.

నాకూ చిన్నగా అయింది. మొదటి ఏడాది నేను మబ్బు వెనక ఉన్నాయనుకొని కొలిచిన చుక్కల్లో కొన్ని, చుక్కల దూరాలు కొలిచే గయా ఉపగ్రహం లెక్కలతో పోల్చి చూస్తే, మబ్బుకు ముందున్నాయని తేలింది. ముందున్న చుక్క మీద మబ్బు ప్రభావం ఏముంటుంది? ఐదు నెలల పని మళ్లీ చేశాను. తర్వాత దాన్నే పనికి తెచ్చుకున్నా. ఏ దూరం దాకా చుక్కల్లో తేడా లేదో, ఏ దూరం నుంచి మొదలవుతుందో చూస్తే మబ్బు దూరమే తెలిసిపోతుంది. నా మబ్బు సుమారు 450 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది.

రిటైర్డ్_ఫిజిక్స్_నల్లగొండ
సంచి గారూ, ఫ్లోరైడ్ అన్నారు కాబట్టి: నీళ్లలో ఫ్లోరైడ్‌ను పటిక, సున్నంతో తీసే పద్ధతిని ప్రపంచమంతా "నల్లగొండ టెక్నిక్" అనే పిలుస్తుంది. దాన్ని చేసినవాళ్లూ మన దేశపు పరిశోధకులే. ఒక పరిశోధన ఆపితే ఇంకొకటి దానంతటది నడవదు. డబ్బు ఎవరి జేబులోకి పోతోందో అడగాలంటే వేరే చాలా చోట్లున్నాయి.

అడ్మిన్_చెట్టుకింద
ఆ చివరి వాక్యం దగ్గరే ఆగుదాం. రాజకీయాలకు వేరే చర్చ ఉంది.

సందేహాల_సంచి
సరే, పూర్తిగా ఒప్పుకోను గానీ ఆ దక్షిణ ధ్రువం ముచ్చట బాగుంది. చెల్లీ, ఆల్ ది బెస్ట్.

దేవరకొండ_కెమెరా
ఊకపొయ్యి అన్నా, మాటలతో కాదు, మీ నాయనకు ఒకసారి చూపించండి. ఉగాదికి ముందు అమావాస్య సరిగ్గా సరిపోతుంది. తెల్లారుజామున నాలుగింటికి డిండి కట్ట మీద దక్షిణానికి తిరిగి నిలబడితే పాలపుంత నడిబొడ్డు దాదాపు సగం ఎత్తులో ఉంటుంది. నల్లమల లోపల ఐతే ఇంకా చీకటి గానీ రాత్రి తొమ్మిది దాటాక మన్ననూర్ చెక్‌పోస్టు దాటనివ్వరు, దాని జోలికి పోవద్దు. వెళ్లాక ఇరవై నిమిషాలు ఫోన్ ముట్టకూడదు, కళ్లు చీకటికి అలవాటు పడాలి. దుప్పట్లు, దోమల క్రీమ్ మర్చిపోకండి.

ఊకపొయ్యి_మిర్యాలగూడ
వెళ్లొచ్చాం. చెల్లి సెలవు మీద వచ్చింది కాబట్టి కుదిరింది. నాయన, అమ్మ, నేను, చెల్లి. పెద్దత్త కూడా నేనూ వస్తానని కారెక్కింది. ఎందుకో మాకు ఇప్పటికీ తెలియదు.

నాయన కట్ట ఎక్కేసరికి ఆయాసం వచ్చి ఇన్‌హేలర్ పీల్చుకొని కూచున్నాడు. ఇరవై నిమిషాలు ఎవరం మాట్లాడలేదు. తర్వాత చెల్లి చేయి చాపి ఇటు నుంచి ఇటు అని చూపించింది. ఆయన చాలాసేపు చూసి "ఆ తెల్లదాని నడుమ నల్లగున్నదేనా?" అన్నాడు. ఔనంది. "మన బాయిలర్ రూమ్ గోడ మీద పట్టిన మసి లెక్కుంది" అన్నాడు. "అట్లాంటిదే నాయనా, కొంత బొగ్గు, కొంత ఇసుక" అంది చెల్లి. ఆయన మళ్లీ "ఊ" అన్నాడు. దిగేటప్పుడు మాత్రం "దాంట్ల నుంచి చుక్కలు పుడతయా, నిజమేనా?" అని రెండుసార్లు అడిగాడు.

పెద్దత్త అన్నీ విని అడిగిన ఒకే ఒక్క ప్రశ్న: "మరి జీతమెంత ఇస్తరు?"

దుమ్ము_చెల్లి
మొదటి రెండేళ్లు 37,000, ఇప్పుడు 42,000 అని చెప్పాను. "దుబ్బకు అంతిస్తరా!" అని కారులో ఇంటిదాకా అదే మాట.

క్రషర్_లారీ
అప్లికేషన్ ఎక్కడ దొరుకుతది?

దేవరకొండ_కెమెరా
ఫొటోలు తీశారా? పెట్టండి.

ఊకపొయ్యి_మిర్యాలగూడ
ఒక్కటి వచ్చింది, మిగతావన్నీ కదిలిపోయాయి. పెట్టా చూడు.

దేవరకొండ_కెమెరా
బాగుంది అన్నా, నల్ల చీలిక స్పష్టంగా ఉంది. కింద ఎడమ మూలన ఆ పసుపు వెలుగు ఏంటి?

ఊకపొయ్యి_మిర్యాలగూడ
పెద్దత్త. టార్చ్ వేసి చెప్పులు వెతుక్కుంటోంది.